నువ్వు చూడమన్న భూమి

నవంబరు 18, మంగళవారం

నాన్నా,

నువ్వు వెళ్ళి నలభై మూడు రోజులు. ఈ పొద్దున మొదటి ఆశ్చర్యం ఏంటో తెలుసా? మన అంబాసిడర్ డైనమో బాగానే ఉంది.

బ్యాటరీకి చార్జింగ్ ఎక్కించడం లేదని ఇన్నాళ్ళూ అందరూ దాన్నే తిట్టారు. వచ్చే శుక్రవారం బండిని పాత ఇనుముకి ఇచ్చేద్దామని బాబాయి అంటే అమ్మ సరేనంది.

ఆ ఉదయం నీకు గుండెనొప్పి వస్తే బండి 'టక్' అని ఊరుకుంది కదా... నేనూ అమ్మా నెట్టాం. బురదలో అంగుళం కదల్లేదు. ఆటో వచ్చేసరికి ఇరవై నిమిషాలు. కాస్త ముందు తేవాల్సిందని భీమవరంలో డాక్టరుగారు అన్నారు.

ఆ డబ్బాని అమ్మెయ్యమని ఎంత మొత్తుకున్నాను, విన్నారా అని అమ్మ నీ ఫొటోని నిలదీస్తుంది. దండ మార్చడం కూడా మానేసింది.

బండి పోయేలోపు తప్పెక్కడుందో తెలుసుకోవాలనుకున్నాను. పాలకొల్లులో నీ మెకానిక్ షాపులోంచి నీ నోటుపుస్తకం తెచ్చుకున్నాను. ఏడో తరగతితో చదువు ఆపేసిన నువ్వు ప్రతి భాగానికీ ఓ పేరు పెట్టుకున్నావు. ఫ్యాన్ బెల్టు 'మొలతాడు'. చార్జింగ్ దీపం 'ఎర్రకన్ను'. డిగ్రీలో తెలుగు తీసుకున్నాకే ఆ మాటల రుచి నాకు తెలిసింది. ఒక్కొక్కటీ నా పుస్తకంలోకి ఎక్కించుకుంటూ మురిసిపోయాను... సిగ్గు లేకుండా.

మొలతాడు బిగువుగానే ఉంది. బ్యాటరీని చార్జింగ్ పెట్టించి బిగిస్తే మళ్ళీ 'టక్'. ఈ పొద్దున వీధిలోవాళ్ళు నలుగురు నెట్టి స్టార్ట్ చేశారు. ఎర్రకన్ను ఆరుతూ వెలుగుతూ ఉంది. నువ్వు రాసినట్టే డైనమో తీగలు రెండూ ఊడదీసి, అవి తగిలించే రెండు ముక్కులూ కలిపి, మీటరు పెట్టి ఇంజన్ వేగం మెల్లగా పెంచాను. సూది గబగబా ఎక్కింది, అంటే డైనమోలో తప్పు లేదు.

పేజీ తిప్పాను.

"డైనమో మంచిదైతే భూమి చూడు. భూమి అంటే బ్యాటరీ నుంచి బాడీకి వెళ్ళే రాగి జడ. రొయ్యల చెరువుల ఉప్పుగాలికి పచ్చబడి వదులవుతుంది. అది వదిలితే చార్జింగ్ ఎక్కదు, సెల్ఫ్ తిరగదు."

'భూమి' అన్న మాట మీద వేలు పెట్టి మళ్ళీ చదివాను నాన్నా.

ముందురోజు సాయంత్రం కంచం ముందు కూర్చుంటూ నువ్వన్న మాట... "ఎర్రకన్ను కొట్టుకుంటోందే. బండికి భూమి ఉందో లేదో ఓసారి చూసి రావే అమ్మలూ."

వెళ్ళి బండి కిందకి తొంగి చూశాను. ఆయిలు లేదు, నీళ్ళు లేవు, ఉత్త నేల. నువ్వు వేళాకోళం ఆడుతున్నావనుకుని, బోలెడంత ఉంది నాన్నా, కొలిపించి పట్టా రాయించుకో అన్నాను.

"ఓసి నీ తెలివి తగలెయ్య! సరేలే, ఉంటే చాలు" అని పకపకా నవ్వావు.

జడని చూసొచ్చే జోకు వేశాననుకున్నావు. నమ్మావు. నిశ్చింతగా పడుకున్నావు.

మాటలంటే ప్రాణమని ఊరంతా చెప్పుకు తిరిగేదాన్ని. భూమి అంటే ఏంటి నాన్నా అని ఒక్కసారి ఎందుకు అడగలేదు?

బానెట్ ఎత్తి జడ కదిపితే వదులు పంటిలా ఊగింది. పచ్చటి పొడి వేళ్ళకంటింది. గరుకు కాగితంతో రుద్ది, పానా పెట్టి బిగిస్తే అయిపోయేది. నువ్వు చూపిస్తే నేనే చేసేదాన్ని.

ఆ ఇరవై నిమిషాలు మిగిలి ఉంటే నువ్వు బతికేవాడివా? ఎవరూ చెప్పలేరు. నాకు మాత్రం అన్నం దిగడం లేదు.

ఇంట్లో ఎవరికీ తెలియదు. బాబాయి బండిని తోలించేస్తే ఇక ఎప్పటికీ తెలియదు కూడా. మధ్యాహ్నమంతా ఆ ఆలోచన నన్ను వదల్లేదు... నీ కూతురు అంత పిరికిది నాన్నా. కానీ చెయ్యని తప్పుకి నువ్వు గోడ మీద మాట పడుతుంటే ఎలా చూడను?

జడ బిగించలేదు, అలాగే ఉంచాను. రేపు పొద్దున అమ్మ పాలు కాచకముందే బండి దగ్గరికి తీసుకెళ్ళి చూపిస్తాను. నువ్వడిగిందీ, నేను చెప్పిందీ పొల్లుపోకుండా చెబుతాను. ఆ తర్వాత నాతో మాట్లాడుతుందో లేదో...

భయంగా ఉంది. అయినా చెబుతాను.

నీ అమ్మలు