నడిచి చూపించని మద్దక్కకు

మద్దక్కా,

బాగున్నావా? నువ్వు పోయి ఏడాది దాటింది. పోయినవాళ్లను అలా అడగకూడదేమో... ఇంకెలా మొదలుపెట్టాలో నాకు తెలియలేదు.

ఈ రోజు ఇంటర్వ్యూకి పోయొచ్చాను. కల్లూరులో అదే మేడ, రెండో అంతస్తులో అదే ఆఫీసు. ప్రభుత్వాఫీసులకు కంప్యూటర్ పనివాళ్లను పెట్టే ఆ కాంట్రాక్టరు ఇంకా కిందికి మారలేదు. మనలాంటి వాళ్లను పిలిచి అన్ని మెట్లెక్కించే తెలివి ఇంకెవరికుంటుంది?

నిన్ను మొదట చూసింది ఆ మెట్ల మీదే కదా. పోలియో కాలికి ఇనుప కమ్మీల బూటు, దాని మీద వెండి గొలుసులు. ఎందుకక్కా అంటే, "నేనొస్తాండానని అందరికీ ఇనపడాల గదమ్మీ" అన్నావు.

ఆ రోజు అందరి చేతా టైపు కొట్టించి, నిన్ను మాత్రం గదిలో నడిచి చూపించమన్నారు. నువ్వు లేవలేదు. కుర్చీ ఇంకా ముందుకు జరుపుకున్నావు. "ఏమప్పా, మీరిచ్చే పని కూర్చోని చేసేదా, నడిచి చేసేదా? నేనేమన్నా సంతలో ఎద్దునా, నడిపిచ్చి చూసేదానికి?"

ఉద్యోగం రాలేదు. ఊరుకున్నావా? సోమవారం వస్తే చాలు, చిత్రాన్నం కట్టుకుని, ఎడమ చెయ్యి సరిగా లేని నన్నూ లాక్కుని, కలెక్టరేటుకు అర్జీతో తయారు. వరండాలో అందరికీ ఆ చిత్రాన్నం పెట్టేదానివి. ఉప్పు మాత్రం ఎంత ఎక్కువంటే, నోట్లో పెట్టుకోలేకపోయేవాళ్లం! ఎన్ని అర్జీలని ఇస్తావక్కా అంటే, "ఇయ్యడం మానేస్తే వాళ్లు శానా సుఖపడతారమ్మీ" అనేదానివి. పోయే ముందు జ్వరంతో ఆసుపత్రిలో పడుకుని కూడా సోమవారం ఎప్పుడని అడిగావు... అంత ధైర్యం నీకు ఎక్కడిదక్కా?

ఇప్పుడు విను. ఈసారీ నా చేత టైపు కొట్టించారు. నువ్వు నేర్పినట్టే ఒంటి చేత్తో కొట్టాను. తీసుకుంటామన్నారు, ఫోన్ చేస్తామన్నారు. సంతోషంతో తలుపు దాకా వచ్చాను. నా వెనక ఓర్వకల్లు నుంచి వచ్చిన ఒకామె, చంకలో కర్ర. ఆమెను నడిచి చూపించమన్నారు. పాపం, ఆమె లేవబోయింది.

నేను వచ్చేయొచ్చు. ఇంట్లో నాన్న కబురు కోసం కాచుకుని ఉన్నాడు. ఈ ఉద్యోగం మాకెంత అవసరమో నీకు తెలుసు... కానీ రాలేకపోయాను. వెనక్కి పోయి, ఆమె పక్కన కుర్చీలో కూర్చుని, నీ మాటలే అన్నాను. ఎద్దుతో సహా.

తర్వాత కీబోర్డు ఆమె ముందుకు జరిపారు. నా పేరు కొట్టేశారో, ఉంచారో... ఏమో.

నువ్వుంటే తిట్టేదానివా, నవ్వేదానివా?

ఫోన్ వస్తే మొదట నీకే చెబుతాను. రాకపోతే సోమవారం ఆమెను వెంటబెట్టుకుని కలెక్టరేటుకు పోతాను. చిత్రాన్నం నేనే చేస్తాను. ఉప్పు నువ్వు వేసినంతే వేస్తానక్కా, నువ్వు మా మధ్య కూర్చున్నట్టే ఉంటుంది.

నీ
హుసేనమ్మ