కిటికీ కాడి సన్న ఈగలు

తమ్మీ మహేందర్,

నేను కంపెనీకి పోతున్న. బాపు మంచం పక్క కిటికీ కాడి కుండీలకు వారం దాకా చుక్క నీళ్ళు పోయకు. మన్ను ఎండితేనే ఆ సన్న ఈగలు పోతయని నర్సరీ ఆయన చెప్పిండు. పైన జర ఇసుక పొయ్యి. పసుపుపచ్చ అట్టకు ఆముదం రాసి కుండీల నడుమ నిలబెట్టు, ఈగలు అతుక్కుంటయి. చెట్లను మాత్రం బయట పెట్టకు. మంచాన పడ్డంక బాపుకు ఆ నాలుగు చెట్లే చేను.

నీళ్ళు ఎక్కువ పోస్తున్నవని నిన్ను ఊకె తిట్టిన. పోసేది నువ్వు కాదు. తాగమని మనం ఇచ్చిన గ్లాసు బాపు కుండీల వంపుతుంటే నిన్న నా కండ్లతోని చూసిన. "గిదేంది బాపూ?" అన్న. "తాగితే మల్ల ఒంటికి లేపాలె గద బిడ్డా, నీ నడుము పోతాంది" అన్నడు.

అందుకే పెదవులు గట్ల పగిలినయి. ఇయ్యాల గ్లాసు నువ్వే పట్టుకొని తాగించు. లేపాల్సొస్తే మొఖం మాడ్చకుండ లేపు.

– అక్క

నడుము పోతాందని పోయిన నెల వంటింట్ల నీతోని అన్నది నేనే. బాపుకు వినపడదనుకున్న.