దిండ్లకు జ్వరం లేదట

అక్కా, నేను కులాసా, ఉద్యోగం ఇంకా ఊడలేదు. ఈ ఆసుపత్రి వాళ్లతో వేగలేక చస్తున్నాను. నిన్న మా వార్డులో ఖాళీ మంచం మీద రెండు దిండ్లు పెట్టి, దుప్పటి కప్పి, చార్టు తగిలించాను, సరదాకి. సాయంత్రానికి ఆ చార్టులో జ్వరం లేదని మూడుసార్లు రాసి ఉంది! నర్సమ్మను అడిగితే, "గడి ఖాళీగా ఉంటే పెద్ద నర్సు చీల్చేస్తుంది బాబాయ్, ఏదో ఒకటి రాస్తే ఎవరూ అడగరు" అంది. దిండ్లు పెట్టినందుకు చివాట్లు మాత్రం నాకే.

వచ్చే సోమవారం బావను చేర్చేది ఈ వార్డులోనే. ఆయనకు పడని సూదిమందు పేరు పెద్ద అక్షరాలతో రాసి వెంటనే పంపు. చార్టును నమ్మను, ఆ కాగితం ఆయన చొక్కాకే కుట్టేస్తాను. వంటింటి కప్పు కారడం ఆగిందా? పిల్లలకు ముద్దులు. బావను మాత్రం దిండులా పడుకోవద్దను, ఎవరు దగ్గరికొచ్చినా గట్టిగా దగ్గమను.

నీ తమ్ముడు