యాదమ్మ గది

మంగళవారం, రాత్రి

చిక్కడపల్లి ఇల్లు పడగొట్టి నాలుగంతస్తులు కట్టుకోవడానికి పర్మిషన్ ఇవాళ వచ్చింది. సంతోషించాల్సిన రోజే. కానీ ఒళ్లు మండిపోతోంది.

సాయంత్రం ఇంజనీరు ఇంటికొచ్చి బల్ల మీద రెండు ప్లాన్లు పరిచాడు. పాసైన దాంట్లో కింద పార్కింగ్ పక్కన వాచ్‌మన్ గది, బాత్రూం ఉన్నాయి. రెండో దాంట్లో అదే చోట ఇంకో కారు గీశాడు.

"గది ఏమైంది?" అన్నాను.

"అది మున్సిపల్ ఆఫీసుకు మేడం, ఇది మేస్త్రికి. అందరు ఇట్లనే చేస్తరు. వాచ్‌మన్‌కు మెట్ల కింద జాగ ఉంటది కదా," అన్నాడు నవ్వుతూ.

"నాలుగు ఫ్లాట్లకి మూడు కార్లే పడితే ఎలా? నువ్వు ఊరుకో," అన్నారు ఈయన. అంటే ఈయనకు ముందే తెలుసు! దరఖాస్తు మీద నా సంతకం కావాలి గానీ, నాకు ఒక్క మాట చెప్పక్కర్లేదు.

మెట్ల కింద ఆ ఇంజనీరు నిటారుగా నిలబడగలడా? మా ఇంట్లో పనిచేసే యాదమ్మ, మొగుడు, ఇద్దరు ఆడపిల్లలు నల్లకుంటలో అలాంటి మెట్ల కిందే ఉంటున్నారు. ఆమె మొగుడు మాకు వాచ్‌మన్‌గా వస్తానన్నదే ఆ గది కోసం. పోయిన నెల ప్లాన్ పరిచి, వేలు పెట్టి ఆమెకు చూపించింది నేనే.

అంతలో యాదమ్మ టీ తెచ్చింది. పర్మిషన్ వచ్చిందని విన్నట్టుంది, మొహం వెలిగిపోతోంది.

"అమ్మా, మా రూముకు కిటికి ఏ దిక్కుంటది?"

ఇంజనీరు రెండో ప్లాన్ గబగబా చుట్టేశాడు. ఈయన నా వైపు చూశారు.

"తూర్పుకే యాదమ్మా," అన్నాను.

అబద్ధం కాదు. పాసైన ప్లాన్‌లో తూర్పుకే ఉంది. ఛీ.