ప్రాగ్‌లో రెండు రోజులు, సంచిలో నగీనాలు

బ్రనో,
20 ఫిబ్రవరి 1998

ప్రియమైన ఉదయక్కా,

నీ ఉత్తరం అందింది. బాపు మోకాలి నొప్పి తగ్గిందని తెలిసి సంతోషించాను. ప్రతిసారీ 'ఇక్కడ నేను క్షేమం' అని రాయడం అలవాటైపోయింది కానీ ఈసారి నిజం రాస్తాను. నేనేం బాగా లేను. ఏడు నెలలుగా హాస్టల్, ల్యాబ్, మళ్ళీ హాస్టల్. మా ప్రొఫెసర్ ఒకే ప్రయోగాన్ని నాలుగోసారి చేయిస్తున్నాడు. మూడుసార్లు వచ్చిన జవాబు నాలుగోసారి మారుతుందా? ఆయనతో వాదించాలంటే ఆయన భాష రావాలి. ఈ చెక్ భాష నేర్చుకోవాలంటే నాలుక మడతపెట్టి జేబులో వేసుకోవాలి.

సరే, మంచి మాట చెబుతాను. మార్చి 28, 29 శని, ఆదివారాలు. నేనూ, నా గదిలో ఉండే హోవా అనే వియత్నాం అమ్మాయీ ప్రాగ్ వెళ్తున్నాం. బస్సు టికెట్లు కొనేశాం. అక్కడ నది మీద నిలువెత్తు విగ్రహాలున్న రాతి వంతెన ఉందట. గంట కొట్టినప్పుడల్లా బొమ్మలు బయటికొచ్చే గడియారం ఉందట. నాకు అవి చూడాలని కూడా లేదు. ఎవరూ పని చెప్పని చోట ఊరికే కూర్చోవాలని ఉంది. చిన్నప్పుడు మనకు సెలవంటే దుకాణంలో డబ్బాలు సర్దడం, పండగంటే దుకాణంలో డబ్బాలు సర్దడం. ఇరవై మూడేళ్ళలో నావంటూ రెండు రోజులు దొరకడం ఇదే మొదటిసారి.

బాపుకు చెప్పు, అనవసరంగా ఫికర్ పడొద్దని.

నీ
కీర్తి

*

కిషన్‌బాగ్, హైదరాబాద్
5 మార్చి 1998

ప్రియమైన చిట్టి చెల్లికి,

ప్రాగ్ పోతున్నావా! ఉత్తరం చదవగానే ఎగిరి గంతేశాను. నువ్వు పోయే ఊరికి రెండు గంటల బస్సు దూరంలోనే యాబ్లొనెట్స్ అనే ఊరుంది. తాతయ్య కాలం నుంచి మన దుకాణానికి గాజుల మీద అతికే మెరుపు రాళ్ళు, నగీనాలు వచ్చేది అక్కడి నుంచే. డబ్బాల మీద ఆ ఊరి పేరు ఎన్నిసార్లు చూశావో నువ్వు. చూడలేదంటే కొడతాను.

సంగతి చెబుతాను, శ్రద్ధగా చదువు. ఆరేడు నెలలుగా మన నగీనాలు నల్లబడుతున్నాయి. లక్క గాజుకు అతికిన నెల రోజులకే రాయి వెనకాల వెండి పూత పోయి, మసిబొగ్గులా కనబడుతోంది. చార్మినార్ చుట్టుపక్కల గాజులు చేసేవాళ్ళంతా తెచ్చి నా ముందు కుమ్మరిస్తున్నారు. మొన్న జైబున్ చాచీ పెళ్ళికూతురి గాజుల జత తెచ్చి, "దేఖో బిటియా, దుల్హన్ కే హాత్ మే కాలే పత్థర్" అని ఆ నల్ల రాళ్ళు చూపించింది. అవతల కొలిమి పెట్టుకుని కూర్చున్న ఆమెకు నేనేం జవాబు చెప్పను?

నా వైపు నుంచి తప్పేం లేదు. నిరుడు దుకాణం నా చేతికి వచ్చినప్పటి నుంచి, వచ్చిన సరుకును వచ్చినట్టే చింతపండు నీళ్ళలో కడిగి, నీడలో ఆరబెట్టి, తళతళలాడించి మరీ ఇస్తున్నాను. బాపు హయాంలో మల్లుగుడ్డతో తుడిచేవాళ్ళు, అంతే. ఇంకేం చేయాలి?

నా అనుమానమంతా సరుకు తెచ్చే బొంబాయి వైకుంఠం మీదే. అసలు డబ్బాల్లో నకిలీ రాళ్ళు నింపి ఇస్తున్నాడని నా మనసు గట్టిగా చెబుతోంది. అడిగితే "ఫ్యాక్టరీ సరుకే అమ్మా" అంటాడు. అందుకే ఈ పొట్లంలో నల్లబడినవి కొన్ని, కొత్తవి కొన్ని పెట్టాను. శనివారం పొద్దున్నే ఆ ఊరు వెళ్ళి, ఫ్యాక్టరీలో చూపించి, ఇవి మీవేనా కాదా అని ఒక్క మాట అడుగు. కాదన్నారని నువ్వు రాస్తే, ఆ మనిషిని మన గడప తొక్కనివ్వను. నీ మాట కోసమే ఆగాను.

వంతెన ఎక్కడికీ పోదులే, ఆదివారం చూడొచ్చు.

ప్రేమతో
అక్క

*

బ్రనో,
18 మార్చి 1998

ప్రియమైన అక్కా (ప్రియమైన అని రాయడానికి పెన్ను మొరాయిస్తోంది),

పొట్లం అందింది. ఏడు వేల కిలోమీటర్లు పారిపోయి వచ్చినా ఆ నగీనాలు నా వెంట పడ్డాయి!

నేను రాసిన ఉత్తరంలో 'ఎవరూ పని చెప్పని చోట' అని ఉంది. చదివావా? రెండు రోజుల్లో ఒక రోజు తీసుకెళ్ళి బస్సులో తగలెయ్యమంటున్నావు. హోవా ఒక్కతే తిరగాలా? అక్కడ ఎవరిని అడగాలి, ఏ తలుపు కొట్టాలి, ఏ భాషలో అడగాలి? అవేం నీకు పట్టవు. చిన్నప్పుడూ ఇంతే. నేను పుస్తకం పట్టుకుంటే చాలు, నీకు పని గుర్తొచ్చేది.

'నీ మాట కోసమే ఆగాను' అన్నావు కాబట్టి ఇంక నాకు దారేముంది? చూస్తాను.

కీర్తి

*

బ్రనో,
2 ఏప్రిల్ 1998

ప్రియమైన అక్కా,

నీ పని అయింది.

శనివారం యాబ్లొనెట్స్ వెళ్ళాను. ఒకటే వాన. ఫ్యాక్టరీలో ఒకావిడ అద్దం పెట్టి నీ రాళ్ళు చూసింది. ఇవి తమవి కావంది. నువ్వు అనుకున్నదే నిజం. ఇంతకంటే రాయడానికేం లేదు. బాగా అలసిపోయాను, జలుబు కూడా చేసింది. దయచేసి ఇక నగీనాల గురించి నాకేమీ రాయకు.

బాపుకు నమస్కారాలు.

కీర్తి

*

కిషన్‌బాగ్,
18 ఏప్రిల్ 1998

బంగారు చెల్లికి,

నువ్వు మామూలుదానివి కాదే! నీ ఉత్తరాన్ని బాపుకు రెండుసార్లు చదివి వినిపించాను.

వైకుంఠం మొన్న మంగళవారం కొత్త సరుకుతో వచ్చాడు. గల్లీ నిండా జనం. ఆయన సంచి గడప దాటనివ్వకుండా నిలబెట్టాను.

"గీ నగీనాలు ఫ్యాక్టరీవి కావంట. నా చెల్లె పోయి అడిగొచ్చింది. ఇంకేం జెప్తవు?" అన్నాను.

ఆయన ముందు నవ్వాడు, వేళాకోళమనుకున్నాడు. తర్వాత ముఖం పాలిపోయింది. "అమ్మా, ఇరవై రెండేండ్ల సంది మీ దుకాణంకు సరుకు తెస్తున్న. ఒక్క డబ్బా మార్చలే. మీ చెల్లె ఎవల్ని అడిగిందో పేరు జెప్పు, నేనే ఉత్తరం రాసి అడుగుత" అన్నాడు.

"నా చెల్లె అబద్ధమాడదు" అన్నాను.

ఎదురు దుకాణం వాళ్ళు, పక్క దుకాణం వాళ్ళు, అందరూ వింటున్నారు. ఇక ఆయన సంచి భుజాన వేసుకుని, లోపల కూర్చున్న బాపుకు దండం పెట్టి వెళ్ళిపోయాడు. సాయంత్రానికల్లా మిగతా దుకాణాలు కూడా ఆయన దగ్గర సరుకు వద్దన్నాయట. జైబున్ చాచీ మాత్రం "జర ఠైరనా థా బిటియా" అని గొణిగింది, కొంచెం ఆగాల్సిందట. బాపు ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. పాత స్నేహం కదా, బాధ ఉంటుందిలే. నిజం నిజమే.

నీ రోజు పాడుచేశానని నాకూ తెలుసు. కానీ చూడు, ఎంత పని జరిగిందో!

గర్వంతో
అక్క

*

బ్రనో,
6 మే 1998

ప్రియమైన అక్కా,

కూర్చుని చదువు. పక్కన బాపు ఉంటే ఆయనకూ వినిపించు.

నేను యాబ్లొనెట్స్ వెళ్ళలేదు. ఆ శనివారం పొద్దున బస్ స్టేషన్ దాకా వెళ్ళాను. బస్సు నిలబడి ఉంది. ఎక్కలేదు. వెనక్కి తిరిగి వంతెన మీదికి వెళ్ళి, చీకటి పడేదాకా అక్కడే ఉన్నాను. వాన నిజమే. ఫ్యాక్టరీ లేదు, అద్దం లేదు, ఆవిడ లేదు. నువ్వు ఏ జవాబు కోరుకుంటున్నావో నాకు తెలుసు కాబట్టి ఆ జవాబే రాశాను. అలా రాస్తే ఇక నన్ను వదిలేస్తావనుకున్నాను. ఆ మనిషిని గల్లీలో నిలబెడతావని ఊహించలేదు అని రాయబోయాను, కానీ అదీ అబద్ధమే. గడప తొక్కనివ్వనని నువ్వు ముందే రాశావు కదా.

నీ ఉత్తరం శనివారం అందింది. 'నా చెల్లె అబద్ధమాడదు' అన్న చోట ఆగిపోయాను. ఆదివారమే బయల్దేరాను. సోమవారం ల్యాబ్ పరీక్ష ఉంది, అది పోయింది. మళ్ళీ సెప్టెంబరులో రాయాలి. నువ్వేమీ అనుకోకు, ఇది నా తప్పుకే శిక్ష.

ఫ్యాక్టరీ గేటు మీద బోర్డు ఉంది. శని, ఆదివారాలు సెలవు. అంటే ఆ రోజు నేను వెళ్ళినా తాళమే కనబడేది. మన గల్లీకి శుక్రవారం సెలవు కాబట్టి శనివారం ప్రపంచమంతా దుకాణం తెరిచి ఉంటుందని నువ్వు అనుకున్నావు. నా అబద్ధాన్ని మీరెవరూ పట్టుకోలేకపోయిందీ అందుకే. ఇన్ని నెలలుగా ఇక్కడున్న నాకైనా తట్టాలి కదా, తట్టలేదు.

సోమవారం లోపలికి రానిచ్చారు. నా వచ్చీరాని చెక్‌లో అడిగాను. తనిఖీ చేసే ఒక పెద్దావిడ రాళ్ళను చూసి, ఇవి మావే, మంచి సరుకే అంది. తర్వాత నల్లబడినవాటిని వేళ్ళ మధ్య తిప్పి చూసి, వీటిని దేంతో కడిగారు అని అడిగింది. పూత మీద పులుపు పడిందట. ఈ రాళ్ళను పొడి గుడ్డతో తప్ప తుడవకూడదట.

చింతపండు నీళ్ళు, అక్కా.

నేను చదివేది కెమికల్ ఇంజనీరింగ్. పులుపు లోహాన్ని తింటుందని నాకు ఎవరో చెప్పాలా? నువ్వు మార్చి ఉత్తరంలోనే రాశావు, చింతపండు అని. నేను ఆ ఉత్తరాన్ని సరిగా చదవలేదు. కోపంగా చూసి పక్కన పడేశాను. చదివి ఉంటే ఫ్యాక్టరీకి పోనవసరమే లేదు, ఒక కార్డు రాసి పడేస్తే సరిపోయేది.

ఆ రెండు రోజులు బాగున్నాయా అని నువ్వు అడగలేదు. బాగా లేవు. వంతెన మీద కూర్చున్నంతసేపూ ఒళ్ళోని సంచిలోంచి నీ పొట్లం గుచ్చుకుంటూనే ఉంది. హోవా గడియారం చూద్దాం రమ్మంటే కసిరాను. ఇప్పటికీ ఆ పిల్ల నాతో సరిగా మాట్లాడటం లేదు.

వైకుంఠం గారి అడ్రసు పంపు. నేనే ఆయనకు రాస్తాను. నన్ను తిట్టు. తిట్టకపోతే నాకు ఇంకా కష్టంగా ఉంటుంది.

నీ చెల్లి
కీర్తిప్రియ

*

కిషన్‌బాగ్,
1 జూన్ 1998

ప్రియమైన కీర్తీ,

తిట్టాలనే నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇది ఐదోది.

నీ ఉత్తరం చదివిన రోజు నీ మీద వచ్చిన కోపానికి కంచం విసిరేశాను. రెండో రోజు కోపమంతా నా మీదికి మళ్ళింది. మూడో రోజు బాపూ నేనూ బొంబాయి బండెక్కాం.

వైకుంఠం వర్లీలో ఒక చాల్‌లో, వరస గదుల్లో ఒక గదిలో ఉంటాడు. మంచినీళ్ళిచ్చాడు, చాప వేశాడు, బాపు మోకాలి సంగతి అడిగాడు. నేను నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించి, తప్పయిపోయిందన్నాను. ఆయన అంతా విన్నాడు. ఆ తర్వాత అన్నాడు, "బిడ్డా, బొంబాయి దాంక వచ్చినవు, మంచిగున్నది. కాని గల్లీల అన్న మాట ఇంట్ల వాపస్ తీసుకుంటే ఎట్ల? గల్లీలనే జెప్పు. నేనైతే ఇగ రాను. గా పని ఇడిచిపెట్టిన." ఇప్పుడొక గోదాములో లెక్కలు రాస్తున్నాడు. బాపు ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. బాపు ఏడవడం నేను అమ్మ పోయినప్పుడు చూశాను, మళ్ళీ ఆ రోజే చూశాను.

తిరిగి వచ్చి, గల్లీలో అందరూ ఉన్న వేళ చూసి, అదే గడప మీద నిలబడ్డాను. "వైకుంఠం సరుకు అసలుదే. చింతపండు నీళ్ళల్ల కడిగి ఖరాబు చేసింది నేను. ఆయనను దొంగ అన్నది నేను" అని అరిచి చెప్పాను. నీ పేరు ఎత్తలేదు. కొందరు నవ్వారు, కొందరు తల దించుకున్నారు. ఇద్దరు ముగ్గురు మాత్రం ఆయనకు కబురు పెడతామన్నారు. వస్తాడో రాడో తెలియదు. వస్తాడని నాకు నమ్మకం లేదు.

ఇప్పుడు నీ సంగతి. వెళ్ళలేదని ఒక్క ముక్క రాస్తే నేనేం చేసేదాన్ని? లొల్లి చేసేదాన్ని, నెల రోజులు ఉత్తరం మానేసేదాన్ని. అది నీకు బాగా తెలుసు. నాకు అబద్ధం చెప్పడం నీకు సులువైంది, 'నా వల్ల కాదక్కా' అని చెప్పడం కష్టమైంది. ఈ మాట బండిలో కూర్చుని తిరిగొస్తుంటే తట్టింది, అప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. పరీక్ష పోయిందని రాసి, ఏమీ అనుకోకు అన్నావు చూడు, అది చదివితే నా మీద నాకే అసహ్యం వేసింది. నిన్ను పెంచింది నేనే కదా. నేను పెంచిన పిల్లకు నాతో 'వద్దు' అనే ధైర్యం లేకుండా పోయింది.

వైకుంఠం అడ్రసు వెనక రాశాను. నువ్వూ రాయి. నా తరఫున ఏమీ కలపకు.

సెప్టెంబరు పరీక్ష అయ్యాక నీకు మళ్ళీ సెలవులొస్తాయి. ఎక్కడికి పోతున్నావో నాకు ముందుగా చెప్పకు. చెబితే నా నోరు ఊరుకోదు, ఏదో ఒకటి తెమ్మంటాను, చూసి రమ్మంటాను. పోయి వచ్చాక, నీకు బుద్ధి పుడితే రాయి. పుట్టకపోతే అదీ రాయకు. నేను అడగను.

నీ అక్క
ఉదయశ్రీ