రెక్కల్లేని ఈగలకు బడి

ఈగల దుకాణం అమ్మగారికి,

నమస్కారం. నేను క్షేమం. కప్ప క్షేమం. ఈగల సంగతే బాగాలేదు.

మా మనవరాలు రెండు నెలల శిక్షణకు వెళుతూ తన కప్పను నాకు అప్పగించింది. చొక్కా బొత్తామంత కప్ప. పండ్ల మీద వాలే చిన్న ఈగలే దాని తిండి. మీరు పంపిన సీసాలో ఒక్క ఈగకీ రెక్కల్లేవు. దారిలో రాలిపోయాయా? అడుగున వెతికాను. కనబడలేదు.

నాకు మాటలు తక్కువ. ఆ పిల్లా అంతే. మేమిద్దరం మాట్లాడుకునేదల్లా ఈ కప్ప గురించే. దానికేమైనా అయితే ఇక మాటే ఉండదు.

ఇట్లు,
పాత దర్జీ

తా.క. ముసలివాణ్ణని మిగిలిపోయిన సరుకు పంపలేదు కదా?

•

దర్జీ తాతగారికి నమస్కారాలు.

అయ్యో, రాలిపోలేదండీ! అవి పుట్టుకతోనే అంత. ఎగిరిపోతే మీ కప్ప నోటికి అందుతాయా? ధైర్యంగా వేయండి. ఒక్క సీసా చాలదు. ఉడికిన బంగాళాదుంప, మగ్గిన అరటిపండు మెత్తగా కలిపి, చిటికెడు ఈస్ట్ చల్లి, ఇంకో సీసాలో పెట్టి కొన్ని ఈగల్ని దులపండి. మూతికి గుడ్డ కట్టండి. పన్నెండు రోజుల్లో పిల్లలు.

మీ
ఈగలమ్మ (అందరూ అలాగే పిలుస్తారు)

తా.క. జాలిపడకండి. రెక్కలనేవి ఉంటాయని వాటికి తెలియదు.

•

ఈగలమ్మగారికి,

నమస్కారం. మూతిగుడ్డకు అంచు కూడా కుట్టాను. గుడ్లలోంచి వచ్చిన పురుగులు గాజుగోడ ఎక్కి గింజల్లా అతుక్కుపోయాయి. ఒక ఉదయం గింజ పగిలి ఈగ వచ్చింది. ఎర్రటి కళ్ళు. మొహం కడుక్కునే చేతులు. అరవై ఏళ్ళు కుట్టాను. అంత సన్నపు పని ఎరగను.

కప్ప నాలుక చూద్దామనుకున్నాను. ఈగ ఉంది. లేదు. మధ్యలో ఏం జరిగిందో కంటికి అందలేదు.

ఒక పని చేశాను. తెలియదని మీరు రాశారు గదా. చూపించేవాళ్ళుంటే తెలుస్తుందేమోనని, వంటింట్లో అరటిపండ్ల మీద వాలిన రెక్కలున్న ఈగల్ని నాలుగింటిని పట్టి, అప్పుడే పుట్టినవాటి మధ్య వదిలాను.

ఇట్లు,
పాత దర్జీ

తా.క. నేర్చుకున్నాయి. పన్నెండు రోజులకు కొత్తగా పుట్టినవి దాదాపు అన్నీ ఎగురుతున్నాయి. గది నిండా అవే. కప్ప పైకి చూస్తోంది.

•

తాతగారూ!

ఎంత పని చేశారండీ! మీరు పంపింది పంతుళ్ళను కాదు, పెళ్ళికొడుకులను! అవి పాఠాలు చెప్పలేదు, కాపురాలు పెట్టాయి. రెక్కలు తండ్రి పోలిక. ఆ సీసా ఇక పనికిరాదు, పారేయండి. వేరేది పంపుదామంటే నా దుకాణంలో నల్లిలాంటి పురుగు పట్టి సీసాలన్నీ పోయాయి. మళ్ళీ సరుకు రావడానికి రెండు నెలలు. మీ మొదటి సీసాలోవి పొదుపుగా వేయండి.

మీ
ఈగలమ్మ (ప్రస్తుతం ఈగల్లేని అమ్మ)

తా.క. పదిహేనేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. ఈగలకు బడి పెట్టినవారు మీరొక్కరే.

•

ఈగలమ్మగారికి,

నమస్కారం. పారేయడానికి చేతులు రాలేదు. ఆ ఎగిరేవాటినే కొత్త సీసాలో పెట్టాను. ఈలోగా మొదటి సీసా అయిపోయింది. మూడు రోజులు కప్పకు మొహం చూపలేకపోయాను.

నాలుగో రోజు పొద్దున కొత్త సీసాలో పిల్లలు. ఎగిరేవి పైకి పోయాయి. అడుగున కొన్ని నడుస్తున్నాయి. భూతద్దం పెట్టి చూశాను. రెక్కల్లేవు! అమ్మకీ నాన్నకీ ఉన్నాయి, బిడ్డకు లేవు. అమ్మమ్మ పోలిక. ఒక తరం దాగి మళ్ళీ వచ్చింది. అంత చిన్న ఒంట్లో ఎక్కడ దాచుకున్నాయమ్మా? లెక్కపెట్టాను. నాలుగింటికి ఒకటి. మళ్ళీ లెక్కపెట్టాను. అంతే. దండం పెట్టాను. ఎవరికో తెలియదు.

కప్ప ఆరు తింది.

నడిచేవాటినే ఏరి వేరే సీసాలు పెట్టాను. నిండాయి. రెండు మీ దుకాణానికి పంపుతున్నాను.

ఇట్లు,
పాత దర్జీ

తా.క. మనవరాలు నిన్న వచ్చింది. "ఇన్ని సీసాలేంటి తాతయ్యా?" అంది. మొదలుపెట్టినవాణ్ణి దీపాలు పెట్టేదాకా ఆపలేదు. గొంతు బొంగురుపోయింది. పిల్ల లేచి వేణ్ణీళ్ళు కాచి తెచ్చి, "ఊఁ, తర్వాత?" అంది.