ఆదివారం మూసిన సెలూన్

ఆదివారం, రాత్రి

నాన్న చేతి వణుకు చూపిద్దామని సూర్యాపేట, కోదాడ అంతా వాకబు చేశాను. చివరికి దొరికిన నరాల డాక్టరు మిర్యాలగూడకు ఆదివారాలే వస్తాడు. మంగళవారం ఎవరూ జుట్టు కత్తిరించుకోరు కనుక నాన్న సెలూన్‌కు సెలవు ఆ రోజే.

"ఆయితారం గిరాకీ ఇడ్సిపెట్టి యాడికొస్త బిడ్డా?" అని ఇన్నాళ్లూ దాటేశాడు.

ఈ రోజు తనే తయారై కూర్చుంటే, నా మాట విన్నాడని సంబరపడ్డాను.

మందులతో వణుకు తగ్గొచ్చు కానీ పూర్తిగా పోదన్నాడు డాక్టరు.

తిరుగు బస్సులో అడిగాను, "షాపు ఎవరికి అప్పజెప్పినవ్ నాన్నా?"

"ఎవలికి? నా కుర్సీల ఎవ్వలు కూసుంటలేరు బిడ్డా, శానా దినాలాయె."

డాక్టరు దగ్గరికని పొద్దున తన గడ్డం తనే గీసుకున్నాడు. చెంప మీద గాటు ఇంకా ఎర్రగానే ఉంది.